సోలారు దీపములు: కొనుటకు ముందు తెలియవలసినవి



మా సంఘమునకు చెందిన నేతగాండ్రు కొందరు కొన్నేండ్ల క్రిందట ఒక వ్యాపారి వద్ద రొక్కమిచ్చి సోలారు దీపములు కొనిరి. కరెంటు పోయిన వేళ పడుగులో తెగిన పోగు కనబడవలెనని వారి ఆశ. కిరసనాయిలు బుడ్డి పెట్టినచో మసి తెల్లనూలుకు పట్టును గదా! రెండేండ్లు నిండకముందే బ్యాటరీలు చెడినవి. వ్యాపారి మరల కానరాలేదు. పలకలు ఇంటి కప్పులపై ఊరక పడియున్నవి. ఇప్పుడు సంఘమే దీపములు తెప్పించవలెనని సభ్యులు కోరుచున్నారు. ఈ పనిని పెద్దయెత్తున చేసిన బంగ్లాదేశ్ అనుభవమును ముందుగా తెలిసికొనుట మంచిది.

అచ్చట కరెంటు తీగలు చేరని పల్లెలలో గ్రామీణ్ శక్తి అను సంస్థ 1996లో ఇట్టి పని ప్రారంభించెను. 2003లో ఇడ్కాల్ అను ప్రభుత్వ ఆర్థిక సంస్థ ప్రపంచ బ్యాంకు సహాయముతో దేశమంతట విస్తరింపజేసెను. 2018 నాటికి సుమారు 41 లక్షల పరికరములు అమరినవి. రమారమి 2 కోట్ల మందికి వెలుతురు కలిగినది.

అచ్చటి ఏర్పాటు ఇట్లుండెను. కొనువారు ధరలో పదవ వంతో, కొంచెము ఎక్కువో ముందు చెల్లించుచుండిరి. మిగిలినది సుమారు 3 ఏండ్ల నెలవాయిదాలలో తీర్చుచుండిరి. వాయిదా వసూలుకు వచ్చిన మనిషియే బ్యాటరీని చూచి, లోపమున్న సరిచేయుచుండెను. పలకకు 20 ఏండ్లు, బ్యాటరీకి 5 ఏండ్లు పూచీ యుండెను.

చిక్కులును లేకపోలేదు. 2013 తరువాత అమ్మకములు తగ్గినవి. కరెంటు తీగలు త్వరగా పల్లెలకు చేరినవి. ప్రభుత్వము వేరు పథకముల క్రింద ఉచితముగా పంచినది. పలువురు వాయిదాలు మానిరి. అమ్మిన సంస్థలు నష్టపడినవి. కావున కరెంటున్న ఊళ్ళలో కోతవేళకు చాలునంతయే కొనవలెను.

ఎంత చాలును? మగ్గము వద్ద 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు రెండు 5 గంటలు వెలిగినచో 50 వాట్-గంటలగును. 20 వాట్ల పలక 4 గంటల మంచి ఎండలో 80 వాట్-గంటలిచ్చును. బ్యాటరీలో, తీగలలో పోవు తరుగు తీసివేసినను సరిపోవును. ముసురు దినములలో ఒక్క దీపముతో సరిపెట్టుకొనవలెను. మరమగ్గపు మోటారుకు ఇది పనికిరాదు. 1 హార్స్ పవరనగా 746 వాట్లు.

నూలు అరువిచ్చి మజూరీలో కొంచెము కొంచెముగా పట్టుకొనుట మన సంఘములకు క్రొత్తగాదు. దీపమునకును అదే పద్ధతి చాలును. అయితే ఊరిలో ఒక యువకునికి మరమ్మతు నేర్పించవలెను. పూచీ కాగితము సంఘము పేర నుండవలెను. క్రొత్త బ్యాటరీకై నెలనెల కొంత నిలువచేయవలెను. ఈ మూడును కుదరనిచో కొనవద్దని మా మనవి.

షోలాపురము మొదలు యానాము వరకు గల సోదర సంఘములు తమ అనుభవములు వ్రాసి పంపగోరుచున్నాము.

— సంఘ కార్యదర్శి