పదో తరగతి పాసయిన పిల్లకు ఆరేళ్ళ చదువు

కోటబొమ్మాళి, నరసన్నపేట, టెక్కలి - ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో పిల్ల పదో తరగతి రాసినా "ట్రిపుల్ ఐటికి వేద్దామా?" అనే మాట వస్తుంది. దాని అసలు పేరు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో మొదలైంది. మన జిల్లాకు 2016లో కేటాయించారు. శ్రీకాకుళం దాటాక ఎచ్చెర్ల మండలంలోని ఎస్.ఎం.పురంలో ఉంది.

దీని పద్ధతే వేరు. జర్మనీలో ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది, 1870 నాటిది, చాలా పెద్దది. అక్కడ బడి చదువంతా ముగిశాకే చేరతారు. ఇక్కడ పదో తరగతి మార్కులతోనే, పదిహేనేళ్ళ వయసులోనే చేర్చుకుంటారు. మొదటి రెండేళ్ళు పియుసి, అంటే మన ఇంటర్మీడియెట్‌కు సమానం. తరువాత నాలుగేళ్ళు ఇంజనీరింగు. వేరే ప్రవేశ పరీక్ష ఉండదు. 2020, 2021లో మాత్రం కోవిడ్ వల్ల పెట్టవలసి వచ్చింది.

పల్లెటూరి పిల్లలను దృష్టిలో పెట్టుకొనే దీన్ని స్థాపించారు. అందుకే ప్రభుత్వ పాఠశాలలో, హాస్టలు లేని బడిలో చదివినవారికి నూటికి 4 చొప్పున మార్కులు కలుపుతారు. వేలకు వేలు పోసి ప్రైవేటు బడిలో చదివించిన తల్లికి ఇది కష్టంగా తోచవచ్చు. నాకు మాత్రం న్యాయంగానే కనిపిస్తుంది. పదో తరగతి మొదటిసారే పాసై ఉండాలన్నది మరొక నిబంధన.

ఇక అసలు సంగతి. పిల్ల హాస్టల్లోనే ఉండాలి. పండక్కో, కొత్తమ్మ తల్లి జాతరకో సెలవు దొరక్కపోవచ్చు. తెలుగు మీడియంలో చదివిన పిల్లకు మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక ఏడుపొస్తుంది. ఫోనులో ఏడిస్తే వెంటనే "వచ్చేయ్" అనకండి. కొన్ని నెలలు ఓపిక పట్టండి. అప్పటికీ ఇమడలేకపోతే, రెండేళ్ళ పియుసి పూర్తిచేసి బయటికి వచ్చి వేరే కాలేజీలో డిగ్రీకో ఇంజనీరింగుకో చేరవచ్చు. ఆ రెండేళ్ళూ వృథా కావు. ఆడపిల్లను ఆరేళ్ళు కట్టిపడేస్తారేమోనన్న భయం అక్కర్లేదు.

మన జిల్లా పిల్ల కాబట్టి ఎచ్చెర్లే వస్తుందనుకోకండి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు పేర్లతోనూ ఆవరణలున్నాయి. మార్కులను బట్టి, మీరిచ్చిన వరుసను బట్టి సీటు ఇస్తారు. దరఖాస్తు నింపేటప్పుడు ఆ వరుసను పిల్ల పక్కన కూర్చుని మీరే చూడండి. నెట్ సెంటరు కుర్రాడికి వదిలెయ్యకండి.