నివేదిత నడపిన పాఠశాల

విద్య నేర్చినవారు దానిని ఇతరులకు పంచుట సహజము. కాని స్వదేశమును, బంధువులను, స్థిరమైన సంపాదనను విడిచి, భాష తెలియని దూరదేశమునకు పోయి, జీతము కోరక బాలికలకు చదువు చెప్పుట సామాన్యమైన పని కాదు. అందులకు మంచి మనస్సు ఒక్కటియే చాలదు. ఎవరికి బోధింపవలెనో వారిని ముందుగా తెలిసికొనవలెను. ఈ సత్యమునకు సోదరి నివేదిత జీవితము చక్కని నిదర్శనము.

నివేదిత అసలు పేరు మార్గరెట్ నోబుల్. ఆమె 1867 అక్టోబరు 28వ తేదీన ఐర్లండులోని డంగానన్ అను పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఆమె పదేండ్ల బాలికగా నున్నప్పుడే ఆయన మరణించెను. చదువు ముగించి, పదునేడవ యేటనే ఆమె ఇంగ్లండులో ఉపాధ్యాయిని యయ్యెను. పిల్లలు పాఠమును వల్లించుటకంటె, కంటితో చూచి, చేతితో తాకి, ఆటలాడుచు నేర్చుకొనుట మేలని పెస్టలోజీ, ఫ్రోబెల్ అను విద్యావేత్తలు బోధించిరి. మార్గరెట్ ఆ పద్ధతిని అభ్యసించి, లండను చెంతనున్న వింబుల్డన్‌లో స్వయముగా ఒక పాఠశాలను నడపెను.

1895వ సంవత్సరమున లండనులో ఆమె వివేకానందస్వామి ప్రసంగములను వినెను. భారతస్త్రీలకు విద్య నేర్పుటకు తగినవారు కావలెనని స్వామి తలంచుచుండెను. మార్గరెట్ తాను వచ్చెదననెను. స్వామి వెంటనే రమ్మని తొందరపెట్టలేదు. ఇక్కడి దారిద్ర్యమును, తీవ్రమైన ఎండలను, మూఢాచారములను, తెల్లవారికిని దేశీయులకును నడుమనున్న అనుమానములను 1897లో వ్రాసిన లేఖలో దాచక తెలిపెను. బాగుగా ఆలోచించుకొని రమ్మని హెచ్చరించెను. ఆమె వెనుదీయలేదు. 1898 జనవరి 28వ తేదీన కలకత్తా రేవున ఓడ దిగెను. మార్చి 25వ తేదీన స్వామి ఆమెకు బ్రహ్మచర్యదీక్ష నొసగి, నివేదిత యని పేరుపెట్టెను. సమర్పింపబడినది యని దాని యర్థము.

పేరు మారినంతమాత్రమున మనస్సు మారదు. ఆమెకు ఆంగ్లసామ్రాజ్యమునందు అభిమానము మిక్కుటము. ఆ వేసవిలో హిమాలయప్రాంతమున పర్యటించునప్పుడు స్వామి ఆమె అభిప్రాయములను కఠినముగా విమర్శించెను. నివేదిత మిగుల బాధపడెను, కాని తిరిగిపోలేదు. బోధింపవచ్చిన ఆమెకు మొదట తానే విద్యార్థిని కావలసివచ్చెను.

1898 నవంబరు 13వ తేదీన, కాళీపూజనాడు, కలకత్తాలోని బాగ్‌బజారున ఒక చిన్న యింటిలో బాలికల పాఠశాల ఆరంభమయ్యెను. శ్రీరామకృష్ణుల ధర్మపత్ని శారదాదేవి వచ్చి ఆశీర్వదించెను. అయినను పిల్లలు సులభముగా లభింపలేదు. ఆచారపరాయణులైన గృహస్థులు తమ బిడ్డలను విదేశీయురాలి యొద్దకు పంపుటకు సంకోచించిరి. నివేదిత ఆ వీధిలోనే నివసించి, వంగభాష నేర్చుకొని, ఇంటింటికిపోయి తల్లిదండ్రులను వేడుకొనెను. 1899లో నగరమున మహామారి ప్లేగు వ్యాపించినప్పుడు ఆమె చీపురు చేతబట్టి వీధులను శుభ్రపరచెను. రోగులకు పరిచర్య చేసెను. మాటలవలన కలుగని నమ్మకమును ఇట్టి సేవయే కలిగించును.

రెండవ చిక్కు బాల్యవివాహములు. పదేండ్లు నిండునప్పటికి బాలికలు పెండ్లియై బడి మానుచుండిరి. వారిని నిందించి ప్రయోజనము లేదు. అందుచే పెండ్లియైన స్త్రీలకును, వితంతువులకును చదువును, కుట్టుపనిని నేర్పుటకు 1903లో ప్రత్యేకశాఖ ఏర్పడెను. అమెరికానుండి వచ్చిన సోదరి క్రిస్టీన్ ఈ పనియందు ఆమెకు కుడిభుజమై నిలిచెను.

మూడవ చిక్కు ధనము. దానికొఱకే నివేదిత 1899లో ఐరోపా, అమెరికాలకు పోవలసివచ్చెను. పాఠశాల ఆగిపోయెను. 1902లో తిరిగివచ్చి ఆమె దానిని మరల నెలకొల్పెను. మిత్రుల విరాళములును, తాను గ్రంథములు వ్రాసి గడించిన సొమ్మును పాఠశాలకు ఆధారములయ్యెను.

ఆమె బోధనలో వంగభాష, గణితము, భూగోళము, చరిత్రలతోబాటు మట్టిబొమ్మలు చేయుట, చిత్రలేఖనము, కుట్టుపని కలిసియుండెను. బాలికలను వస్తుప్రదర్శనశాలకు తీసికొనిపోయి చూపుచుండెను. బెంగాలు స్త్రీలు పండుగలకు వేయు ముగ్గులను గొప్ప కళగా ఆమె మన్నించెను. ఇంటిలో తల్లివద్ద నేర్చినది బడిలో చిన్నచూపునకు గురికాకూడదని ఆమె మతము.

ఒకసారి రవీంద్రనాథ ఠాకూరు తన చిన్నకుమార్తెకు ఆంగ్లము నేర్పుమని ఆమెను కోరెను. ఆంగ్లము మాతృభాషగా గల ఆమెకు అది సులభమైన పనియే. అయినను ఆమె అంగీకరింపలేదు. బిడ్డలో సహజముగానున్న శక్తిని మేల్కొలుపుటయే విద్యగాని, వెలుపలినుండి పరాయి వస్తువును రుద్దుట విద్యకాదని ఆమె భావము. ఠాకూరు ఆ మాటను మరువక, తరువాతికాలమున ఆమెను లోకమాతయని కొనియాడెను.

నివేదిత 1911 అక్టోబరు 13వ తేదీన డార్జిలింగులో కన్నుమూసెను. అప్పటి కామెకు నలుబది నాలుగేండ్లైనను నిండలేదు. తన కున్న ధనమును భారతస్త్రీల విద్యకే చెందునట్లు వ్రాసియుంచెను. ఆమె తరువాత సుధీరాదేవి మొదలగువారు పాఠశాల భారమును వహించిరి. నేడు కోల్‌కతాగా పిలువబడు ఆ నగరమున ఆ పాఠశాల ఆమె పేరుతో ఇప్పటికిని నడచుచున్నది.

దూరదేశముననుండి వచ్చిన ఉపాధ్యాయుడు ఎన్నటికైనను వెడలిపోవును. అతడు పోయిన పిమ్మట ఆ యూరివారే పాఠశాలను నిలుపుకొనగలిగినయెడల అతని శ్రమ ఫలించినట్లు. పరులకు మేలుచేయగోరు వారు ఒకచేత పుస్తకమును, మరియొకచేత వినయమును పట్టుకొని పోవలెను. నివేదిత రెండింటిని తెచ్చెను. అందుచేతనే ఆమె వెలిగించిన దీపము ఆమెతో ఆరిపోలేదు.