బల్లపరుపు పురుగుల జ్ఞానేంద్రియాలు

ప్లాటీహెల్మింథిస్ వర్గానికి చెందిన జంతువులను బల్లపరుపు పురుగులు అంటారు. మంచినీటిలో నివసించే ప్లనేరియా, పశువుల కాలేయంలో చేరే కార్జపు జలగ, మనిషి పేగులలో పెరిగే బద్దెపురుగు ఈ వర్గానికి చెందినవే. వీటికి ద్విపార్శ్వ సౌష్ఠవం, స్పష్టమైన తల భాగం, అందులో మెదడు వంటి నాడీసంధి ఉంటాయి. జ్ఞానేంద్రియాలలో ఎక్కువ భాగం తల వద్దనే కేంద్రీకృతమై ఉంటాయి. సాధారణ సూక్ష్మదర్శినిలో నల్లని చుక్కలుగా మాత్రమే కనిపించే వీటి కళ్లు కంటి పరిణామాన్ని గురించిన చర్చలలో తరచుగా ప్రస్తావనకు వస్తాయి. ఇంత సరళమైన కన్ను కాబట్టి ఇదే జంతులోకంలోని తొలి కంటికి నమూనా అనే అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉండేది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని, జన్యు పరిశోధనలు వచ్చిన తరువాత ఆ అభిప్రాయం బలహీనపడింది.

చర్మంలోని గ్రాహకాలు

స్వేచ్ఛగా జీవించే బల్లపరుపు పురుగులలో బాహ్యచర్మ కణాల మధ్య నుండి నాడీకణాల కొనలు పైకి వస్తాయి. నాడీకణపు ప్రధాన దేహం చర్మం కింద ఉంటుంది. పైకి వచ్చిన కొన మీద ఒకటి లేదా కొన్ని శైలికలు ఉంటాయి. శైలికను అడ్డంగా కోసి చూస్తే అంచున తొమ్మిది జతల సూక్ష్మనాళికలు, మధ్యలో రెండు సూక్ష్మనాళికలు కనిపిస్తాయి. కొన్ని గ్రాహకాలలో శైలిక చుట్టూ సూక్ష్మచూషకాలు కంచెలాగా నిలబడి ఉంటాయి.

వీటిలో ఏది స్పర్శకు, ఏది రుచికి, ఏది నీటి ప్రవాహానికి అనేది ఆకారాన్ని బట్టి నిర్ణయించడం కష్టం. పొడవైన ఒంటి శైలిక ఉంటే స్పర్శ గ్రాహకమనీ, గుంటలో గుంపుగా ఉంటే రసాయన గ్రాహకమనీ పుస్తకాలలో రాయడం వాడుక. ఇది చాలావరకు ఊహ అని పాఠకులు గుర్తుంచుకోవాలి.

ప్లనేరియా తలకు రెండు పక్కల చెవుల వలె పొడుచుకువచ్చిన భాగాలను కర్ణికలు అంటారు. పేరు చెవిదైనా పని ముక్కుది. వీటి మీద రసాయన గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. ప్లనేరియాలు ఉన్న వాగునీటిలో పచ్చి కార్జం ముక్కను దారానికి కట్టి వదిలితే, కొంతసేపటికి అవి తలలు అటూ ఇటూ ఆడిస్తూ వచ్చి ముక్కను అంటుకుంటాయి. జంతుశాస్త్ర విద్యార్థులు ప్లనేరియాలను సేకరించే పద్ధతి కూడా ఇదే.

కన్ను

ప్లనేరియాను పైనుండి చూస్తే మెల్లకన్ను ఉన్నట్లు కనబడుతుంది. ఇందుకు కారణం దాని కంటి నిర్మాణమే. ప్రతి కన్ను ఒక చిన్న గిన్నె వంటిది. వర్ణక కణాలతో ఏర్పడిన ఈ నల్లని గిన్నె తల మధ్యరేఖ వైపు ఉంటుంది. గిన్నె మూతి బయటి వైపుకు తెరచుకుంటుంది. మూతి ఎదుట చర్మంలో రంగు లేకపోవడం వలన ఆ భాగం తెల్లగా కనిపించి, నల్లని భాగాలు రెండూ ముక్కు వైపు చూస్తున్నట్లు అనిపిస్తుంది.

గిన్నె లోపల కాంతి గ్రాహక కణాల కొనలు ఉంటాయి. ఆ కణాల దేహాలు మాత్రం గిన్నె బయటే ఉండిపోతాయి. అందువలన కాంతి గిన్నె మూతి గుండా వచ్చి, ముందుగా నాడీతంతువులను దాటి, ఆ తరువాతనే గ్రాహక భాగాన్ని చేరుతుంది. ఇటువంటి దానిని విలోమ నేత్రం అంటారు. మన కంటిలోని రెటీనా కూడా ఇటువంటి అమరికే, కానీ రెండింటికీ బంధుత్వం లేదు. కణపు కొన మీద వేలాది సూక్ష్మచూషకాలు కుచ్చులాగా పేర్చి ఉంటాయి. కాంతిని గ్రహించే ఆప్సిన్ ప్రోటీను వీటి పొరలలో ఉంటుంది. పొర వైశాల్యం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ కాంతి చిక్కుతుంది. ఈ కణాల తంతువులు మెదడును చేరతాయి. వాటిలో కొన్ని అదే వైపున ఉండిపోగా, కొన్ని ఎదుటి వైపుకు దాటిపోతాయి.

ఈ కన్నుకు కటకం లేదు కాబట్టి బొమ్మ ఏర్పడదు. వర్ణకపు గిన్నె ఒక వైపు నుండి వచ్చే కాంతిని అడ్డుకోవడం వలన కాంతి ఏ దిక్కు నుండి వస్తున్నదో పురుగుకు తెలుస్తుంది. నీడకోసం రాతి అడుగుకు చేరుకోవలసిన జంతువుకు అంతకు మించి అవసరం లేదు. 1920లో టాలియాఫెర్రో ప్లనేరియాల కళ్లను తొలగించి చేసిన ప్రయోగాలు ఈ దిక్కు గుర్తింపును వివరించిన తొలి పరిశోధనలలో ముఖ్యమైనవి.

కళ్ల సంఖ్య అన్నింటిలో రెండే కాదు. సముద్రపు పాలిక్లాడులలో మెదడు మీద, స్పర్శాంగాల మీద పదుల సంఖ్యలో కళ్లు గుంపులుగా ఉంటాయి. వానాకాలంలో తేమగల తోటలలో కనిపించే బైపాలియం అనే నేల ప్లనేరియాకు పార వంటి తల ఉంటుంది. ఆ తల అంచు వెంబడి చిన్న కళ్లు బారులు తీరి ఉంటాయి. చాలామంది దీనిని జలగ అని పొరబడతారు. కొన్ని జాతులలో కంటికి కటకం కూడా ఉంది. విచిత్రమేమిటంటే, రాబ్డోసీలులు, మోనోజీనియాలలో కొన్నింటి కటకం ఉబ్బిన మైటోకాండ్రియాలతో తయారైనది. కణానికి శక్తినిచ్చే భాగాన్నే ఈ జీవులు అద్దంగా వాడుకున్నాయి.

రెండు రకాల కాంతి గ్రాహకాలు

జంతువులలో కాంతి గ్రాహక కణాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో పొర సూక్ష్మచూషకాలుగా మడతపడుతుంది. కీటకాల కళ్లు, ప్లనేరియా కళ్లు ఈ రకానివి. రెండవ రకంలో శైలిక పొరే విస్తరిస్తుంది. మన రెటీనాలోని దండాలు, శంకువులు ఈ రకానివి. బల్లపరుపు పురుగులలో ఎక్కువగా మొదటి రకమే ఉంటుంది. అయితే శైలిక రకం కూడా వీటిలో ఉంది. 2019లో మారిటిగ్రెల్లా అనే పాలిక్లాడుపై రాలిన్‌సన్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో కళ్ల వెలుపల, మెదడు వద్ద అటువంటి కణాలు కనిపించాయి. ఒకే జంతువులో రెండు రకాలూ ఉండటం వలన, ఈ రెండూ పార్శ్వ సౌష్ఠవ జంతువుల ఉమ్మడి పూర్వీకుని నాటికే ఉన్నాయన్న వాదానికి బలం చేకూరింది.

కళ్లు లేకుండా కాంతిని గుర్తించడం

తల కోసివేసిన ప్లనేరియా కూడా అతినీలలోహిత కాంతి నుండి తప్పుకుంటుంది. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థలో ఆకాశ్ గుల్యానీ బృందం దీనిని వివరంగా పరిశీలించి 2017లో ప్రచురించింది. తల తిరిగి మొలిచేటప్పుడు చూపు ఒక్కసారిగా రాదని కూడా ఆ పరిశోధనలో తెలిసింది. వెలుగునుండి తప్పుకునే శక్తి ముందు వస్తుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు కాంతుల మధ్య తేడాను గుర్తించే శక్తి కొన్ని రోజుల తరువాత వస్తుంది. దేహం అంచు వెంబడి కాంతి గ్రాహక కణాల వరుస ఉన్నదనీ, అది పురుగు పెరిగిన తరువాతనే పూర్తిగా పనిలోకి వస్తుందనీ ఇదే బృందం 2021లో తెలిపింది.

సంతులన కోశం

కొన్ని బల్లపరుపు పురుగులలో మెదడు దగ్గర ద్రవంతో నిండిన చిన్న కోశం, అందులో ఒక బరువైన రేణువు ఉంటాయి. పైకీ కిందికీ తేడా దీనివలన తెలుస్తుంది. ఇతర జంతువుల సంతులన కోశాలలో లోపలి గోడకు శైలికలు ఉండగా, వీటిలో ఉండవు. అలల తాకిడికి కదిలే ఇసుకలో రేణువుల మధ్య నివసించే ఓటోప్లానిడులలో ఈ కోశం ఉంటుంది. వాటిలో చాలావాటికి కళ్లు ఉండవు. విశాఖపట్నం తీరంలో ఇటువంటి ఇసుక జీవుల అధ్యయనం తొలినాళ్లలోనే జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి. ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు తీరపు ఇసుకలోని సూక్ష్మ జంతుజాలం గురించి 1962లో వ్యాసం ప్రచురించారు.

పరాన్నజీవులలో

ట్రెమటోడులు, మోనోజీనియాలు, బద్దెపురుగులు పరాన్నజీవులు. వీటి డింభకాలు శైలికలున్న తొలి చర్మాన్ని వదిలివేస్తాయి. దాని స్థానంలో కణాల మధ్య గోడలు లేని కొత్త చర్మం ఏర్పడుతుంది. ఈ లక్షణం ఆధారంగానే 1985లో ఏలర్స్ ఈ మూడింటినీ నియోడెర్మాటా అనే సమూహంగా పేర్కొన్నాడు. కొత్త చర్మంలో కూడా జ్ఞాన గ్రాహకాలు ఉంటాయి. ఉల్లిగడ్డ ఆకారంలోని నాడీకొన చర్మాన్ని చీల్చుకుని పైకి వచ్చి, ఒక పొట్టి శైలికతో ముగుస్తుంది. చర్మానికీ నాడీకొనకూ మధ్య గట్టి అతుకు ఉంటుంది. ఆతిథేయి రసాలు లోపలికి జొరబడకుండా ఇది కాపాడుతుంది.

పరాన్నజీవులకు కళ్లు అవసరం లేదని సాధారణంగా చెబుతారు. పెద్దవైన పురుగుల విషయంలో ఇది చాలావరకు నిజం. డింభకాల విషయంలో కాదు. కార్జపు జలగ గుడ్డునుండి వెలువడే మిరాసిడియంకు రెండు వర్ణకపు కళ్లు ఉంటాయి. అది కొద్ది గంటలలోనే నత్తను వెతుక్కోవాలి. నత్తనుండి వెలువడే సెర్కేరియా కూడా ఆహారం తీసుకోదు. నిల్వ ఉన్న గ్లైకోజన్ అయిపోయేలోగా, సాధారణంగా ఒకటి రెండు రోజులలో, తరువాతి మజిలీని చేరకపోతే చనిపోతుంది. వెలుగు, నీడ, నీటి కదలిక, చర్మపు రసాయనాలు మాత్రమే దానికి దారి చూపుతాయి. అయితే కళ్లు లేనివన్నీ గుడ్డివి కావు. షిస్టోసోమా మిరాసిడియంకు వర్ణకపు కన్ను లేదు, అయినా కాంతికి స్పందిస్తుంది.

ఈ విషయంలో విశాఖపట్నం పరిశోధనలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. ఆనందపురం మండలంలోని గంభీరం వైపు ఉన్నటువంటి చెరువులు, గెడ్డలలో నత్త, చేప, నీటి పక్షి ఒకే చోట చేరతాయి. ట్రెమటోడు జీవితచక్రానికి కావలసినవి ఇవే. తీరాంధ్ర మంచినీటిలో విరివిగా కనిపించే మెలనాయిడిస్ ట్యుబర్క్యులేటా అనే పొడవాటి మొన గుల్ల నత్త పలు ట్రెమటోడులకు తొలి ఆతిథేయి. ఇది ఆతిథ్యమిచ్చే సెంట్రోసెస్టస్ ఫార్మోసానస్ అనే పురుగు సెర్కేరియాకు ఒక జత కళ్లు ఉంటాయి. సెర్కేరియా చేప మొప్పలలో కోశస్థమైన తరువాత కళ్లతో పనిలేదు. చిన్న చేప ఎప్లోకైలస్ పాంచాక్స్ మొప్పల మీద ఈ కోశాలు ఎలా విస్తరించి ఉంటాయో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. మాధవి 1986లో వివరించారు.

ఇదే నత్తలో పెరిగే మరో పురుగు ఇందుకు భిన్నమైనది. 1924లో సోపార్కర్ పటియాలా నత్తలనుండి ఒక సెర్కేరియాను వర్ణించాడు. ట్రాన్స్‌వర్సోట్రీమా పటియాలెన్స్ అనే ఈ జాతిని వాల్తేరులో పరిశీలించి కె. హనుమంతరావు, గణపతి 1967లో వ్యాసం ప్రచురించారు. దీని సెర్కేరియా చేప లోపలికి పోదు. నేరుగా పొలుసుల కిందికి చేరి అక్కడే పెద్దదవుతుంది. కళ్లు సెర్కేరియాకు ఉన్నట్లే పెద్ద పురుగుకు కూడా మిగిలి ఉంటాయి. వెలుగు సోకే చోట నివసించే పురుగులో కన్ను నిలిచింది. చీకటి పేగులో, కాలేయంలో నివసించే బంధువులలో మాయమైంది. ఆతిథేయిలోని స్థానానికీ కంటికీ ఉన్న సంబంధాన్ని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ట్రెమటోడులలో దొరకడం కష్టం.

పరిణామం

కన్ను క్రమంగా ఎలా రూపొంది ఉంటుందో వివరిస్తూ డార్విన్ 1859లో సరళమైన కళ్లను ఉదాహరణగా తీసుకున్నాడు. ఒక వర్ణక కణం, ఒక గ్రాహక కణం కలిసిన కన్నే తొలి కన్ను అయి ఉండాలనే భావనకు ప్లనేరియాల చిన్న కళ్లు చక్కగా సరిపోయాయి. కళ్లు 40 నుండి 65 సార్లు వేరువేరుగా ఉద్భవించాయని 1977లో సాల్వినీ ప్లావెన్, మేయర్ వాదించారు. ఈగలోనూ ఎలుకలోనూ కంటి నిర్మాణానికి పాక్స్-6 అనే ఒకే జన్యువు అవసరమని తెలిసిన తరువాత, వాల్టర్ గెరింగ్ అన్ని కళ్లకూ ఒకే మూలం ఉందన్నాడు. అందుకు నమూనాగా ప్లనేరియా కన్నునే చూపాడు.

ఆ ప్లనేరియాలోనే చిక్కు వచ్చింది. తల కోసిన ప్లనేరియాలో పాక్స్-6 జన్యువు పనిని ఆపివేసినా కన్ను తిరిగి మొలిచిందని 2002లో ప్రచురించిన ప్రయోగాలు తెలిపాయి. సైన్ ఆక్యులిస్ అనే మరో జన్యువును ఆపితే మాత్రం మొలవలేదు. 2012లో లాపాన్, రెడ్డియన్ ప్లనేరియా కంటికి ఓవో అనే జన్యువు తప్పనిసరి అని చూపారు. ఉమ్మడి జన్యువుల జాబితాలో కొన్ని నిలిచాయి, కొన్ని జారిపోయాయి, కొన్ని కొత్తగా చేరాయి.

రెండవ దెబ్బ వంశవృక్షం నుండి వచ్చింది. పూర్వపు పాఠ్యపుస్తకాలు బల్లపరుపు పురుగులను పార్శ్వ సౌష్ఠవ జంతువులన్నింటి మొదట్లో ఉంచేవి. జన్యు పోలికలను బట్టి ఇవి నత్తలకు, వానపాములకు దగ్గరి బంధువులు. ఆ బంధువులలో ఎన్నింటికో మంచి కళ్లున్నాయి. కనుక ప్లనేరియా కన్ను మొదటినుండీ సరళమైనదో, ఒకప్పటి క్లిష్టమైన కన్ను తగ్గి ఇలా మిగిలిందో దాని ఆకారాన్ని మాత్రమే చూసి చెప్పలేము. నిజంగా మొదటి శాఖ అయ్యే అవకాశమున్న అసీలులను 1999లో ఈ వర్గం నుండి వేరుచేశారు. వాటి స్థానం గురించిన వాదన నేటికీ ముగియలేదు. అసీలులలో సంతులన కోశం సాధారణంగా ఉంటుంది; కళ్లు మాత్రం కొన్నింటికే ఉంటాయి.