ఎల్ల దాటిన కోయలు

భద్రాచలమునుండి దుమ్ముగూడెము, చర్ల మండలముల మీదుగా గోదావరి యెగువకు పోవువారికి కొంతదూరము మిరపతోటలును వరిపొలములును కనబడి, పిమ్మట అడవి యెదురగును. ఆ యడవిలో బాటకు ఎడముగా, వాగుల యొడ్డున, ఇరువది ముప్పది గుడిసెలుగల గూడెములు అచ్చటచ్చట నున్నవి. వీనియందు కాపురముండువారిని చుట్టుప్రక్కలవారు గుత్తికోయలందురు. ఈ పేరు వారు పెట్టుకొన్నది కాదు. వారు తమ్ము 'కోయితూర్' అని చెప్పుకొందురు. మన గోదావరి తీరపు కోయలును తమ్మట్లే చెప్పుకొందురు. బస్తరు సీమలో వీరిలో పెక్కండ్రకు మురియాలని వ్యవహారము. అచ్చట వీరు షెడ్యూలు తెగలవారు. ఇచ్చట ఎవరు? ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకకపోవుటయే వారి బాధలలో పెక్కింటికి మూలము.

వీరు వలస వచ్చిన కారణమును మొదట తెలిసికొనవలయును. 2005వ సంవత్సరము జూన్ మాసము మొదలు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణభాగమున, ఆనాటి దంతేవాడ జిల్లాలో, మావోయిస్టులకు ప్రతిగా సల్వాజుడుం అను సాయుధోద్యమము ప్రభుత్వపు ప్రోద్బలముతో నడచెను. గ్రామములను ఖాళీచేయించి జనులను రహదారి ప్రక్కల శిబిరములకు తరలించిరి. శిబిరమునకు పోనివాడు మావోయిస్టని ఒక పక్షమువారును, పోయినవాడు ద్రోహియని రెండవ పక్షమువారును ఎంచిరి. ఇండ్లు కాలినవి, ధాన్యము బూడిదయ్యెను, ప్రాణములు పోయెను. గిరిజన యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5వ తేదీన సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. అప్పటికే వేలకొలది కుటుంబములు అడవిదారుల నడచి ఆనాటి ఖమ్మం, వరంగల్ జిల్లాలు చేరియుండెను. వారి సంఖ్య 50,000 వఱకు నుండునని తఱచు చెప్పుదురు. వంటపాత్రలును, విత్తనములును, బిడ్డలును తప్ప ఏమియు తెచ్చుకొనలేదు.

గూడెములోని దినచర్య నీటితో ప్రారంభమగును. వేసవిలో వాగు ఎండిపోవగా స్త్రీలు ఇసుకలో చెలమ త్రవ్వి, ఊట యూరువఱకు కనిపెట్టుకొనియుండి, ఆనపకాయ బుఱ్ఱతో తోడి బిందెలు నింపుకొందురు. ఒక్క బిందె నిండుటకు పట్టుకాలమును మన పాఠశాలయందు కుళాయి త్రిప్పు విద్యార్థి ఊహించుట కష్టము. ఆ చెలమనీరే మనుష్యులకును పశువులకును. అడవి దోమలచేత మలేరియా, ఈ నీటిచేత విరేచనములు, ఈ రెండును వర్షకాలమున వీరిని వదలవు. జ్వరపీడితుని గాని, ప్రసవవేదన పడు స్త్రీని గాని మంచమును తలక్రిందుగా త్రిప్పి కావడివలె కట్టి, ఇరువురు భుజములపై మోసికొని బాటవఱకు రావలసినదే; వాగు పొంగినదా, అదియు లేదు. బోరుబావి త్రవ్వింపరాదా యని యెవరైన అడుగవచ్చును. గూడెమున్నది రిజర్వు అడవిలో. అచ్చట బావికైనను బాటకైనను అటవీశాఖవారి అనుమతి కావలయును. లెక్కలలో లేని గ్రామమునకు అనుమతి వచ్చుట యరుదు. కొన్ని గూడెములకు చేతిపంపులును అంగన్‌వాడీలును వచ్చినమాట నిజమే. రేషను కార్డులు, ఆధారు కార్డులు దొరకినవారును గలరు. కాని దొరకనివారి గూడెము ప్రక్కనే యుండును.

జీవనమునకు పోడు కొట్టి జొన్నలు, వరి చల్లుకొందురు. ఇప్పపువ్వు, చింతపండు ఏరుకొందురు. శీతకాలము గడచుసరికి మిరప కోతలు వచ్చును. గోదావరి తీరపు రైతులకు వీరు చౌకగా దొరకు కూలీలు. వేసవిలో తునికాకు సేకరణము. మన కూరలలోని కారమును కోసిన చేతులలో వీరి చేతులు నెన్నియో కలవు.

పోడు మూలమున అటవీశాఖతో తగవు తెగనిది. చెట్లు నఱుకుట నేరమను అధికారి వాదము అబద్ధము కాదు. నఱుకనిచో కూడెక్కడిదను గూడెమువారి మాటయు అబద్ధము కాదు. 2017లో తాడ్వాయి మండలమందలి జలగలంచలో అటవీసిబ్బంది గుడిసెలను కూల్చగా, ఆ సంవత్సరమే ఉన్నతన్యాయస్థానము తొలగింపులను నిలుపుమని ఉత్తరు విచ్చెను. 2022 నవంబరులో చండ్రుగొండ మండలమున ఒక అటవీ రేంజి అధికారి విధినిర్వహణలో ఉండగా పోడు తగాదాయందు హతుడయ్యెను. అది ఘోరకృత్యము. అయినను వెనువెంటనే సమీప గ్రామపంచాయతీ ఆ గూడెమువారినందఱిని ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయవలయునని తీర్మానించుట, చేతులు చేసిన తప్పునకు ఊరినంతటిని శిక్షింపగోరుటయే.

ఇక చట్టము మాట. రాజ్యాంగమున 342వ అధికరణము ననుసరించి షెడ్యూలు తెగల పట్టిక రాష్ట్రము రాష్ట్రమునకు వేఱు. ఒక రాష్ట్రపు గిరిజనుడు మఱియొక రాష్ట్రమునకు వలసపోయినచో ఆ హోదా అతనితో పోదని సుప్రీంకోర్టువారు 1990లో నిర్ణయించిరి. ఆ వ్యాజ్యము తెచ్చినవాడు ఆంధ్రదేశమునుండి బొంబాయికి పోయి వైద్యకళాశాలలో సీటు కోరిన విద్యార్థి. తండ్రి యుద్యోగమునకై ఊరు మాఱినవారికిని, ఇల్లు కాలి పాఱిపోయి వచ్చినవారికిని నేడదే సూత్రము. తెలంగాణ పట్టికలో 'గుట్టకోయ' యను పేరున్నది గాని, వీరు వారు కారని అధికారుల యభిప్రాయము. అటవీహక్కుల చట్టము 2006లో వచ్చెను. 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వము అడవిభూమి సాగులో నున్నవారికే అది పట్టా ఇచ్చును. జూన్‌లో కల్లోలము మొదలయ్యెను, డిసెంబరుతో గడువు ముగిసెను. వచ్చినవారిలో అధికులు ఆ తేదీ గడచిన పిమ్మట వచ్చినవారే. ఇచ్చట ఆలస్యము, అచ్చట విడిచినది బీడు.

ఎల్ల యన్న గీత ఆ యడవిలో కంటికి కనబడదు. ఇరుప్రక్కల అవే చెట్లు, ఆ మాటలే. దుమ్ముగూడెమున 19వ శతాబ్దమునందు మిషనరీ జాన్ కెయిన్ దొరగారు కోయల నడుమ నివసించి వారి భాషాచారములను గూర్చి వ్రాసిరి. ఆ భాష తెలుగునకు చుట్టమే. నీటిని బస్తరు కోయలు 'ఏర్' అందురు. మనకు 'ఏఱు' వినబడినట్లుండును. ఐనను గూడెపు బాలుడు బడికి వచ్చిన మొదటి దినమున ఉపాధ్యాయుని మాట వానికిని, వాని మాట ఉపాధ్యాయునికిని తెలియదు. ఏడాది గడచుసరికి తెలుగు నేర్చును. నేర్చినవారు చక్కగా చదువుదురు. చిక్కు పైతరగతులలో వచ్చును. గిరిజనులకై గల రిజర్వు సీటుకు, విద్యార్థివేతనమునకు కులధ్రువీకరణపత్రము కావలయును. తండ్రి పత్రము ఛత్తీస్‌గఢ్‌లో నుండవలసినది. ఆ యూరు కాలినది. బిడ్డ ఇచ్చటనే పుట్టినది. 2006లో ఈ గూడెములలో పుట్టినవారు నేడు యుక్తవయస్కులు. బస్తరును కన్నెఱుగనివారును వారిలో గలరు. దరఖాస్తులో స్వగ్రామము వ్రాయు చోట వారు గూడెము పేరు వ్రాయుదురు. ఆ పేరు పెక్కుసార్లు రెవెన్యూ గ్రామముల పట్టికలో కనబడదు.