అంగడి ఫోనులో పెడితే చాలదు... తలుపు తెరుచుకోవాలి!

భువనగిరి: పెళ్ళిళ్ళ రోజులు. మన జిల్లాలో ఒక నేత కార్మికునికి హైదరాబాదు నుండి ఒకామె ఫోను చేసి, ఇక్కత్ చీరలు చూడాలన్నారు. ఆయన సంబరంగా తన వెబ్‌సైట్ పేరు చెప్పాడు. పది నిమిషాలకు మళ్ళీ ఫోను మోగింది. పేజీ తెరుచుకోవడం లేదని, తెర మీద చక్రం తిరుగుతూనే ఉందని ఆమె చెప్పారు. అంతే, బేరం పోయింది.

"మా ఇంట్ల రాట్నం తిరిగితె కండెలన్న నిండుతయి సారూ. గా ఫోన్ల చక్రం తిరిగితె ఏమొస్తది?" అని ఆయన ఈ విలేఖరిని అడిగాడు. అప్పు తెచ్చి చేయించుకున్న వెబ్‌సైట్ అది. పట్నంలో పెద్ద కంప్యూటరు మీద చూపించినప్పుడు బ్రహ్మాండంగా కనిపించింది. పైన బొమ్మలు జరుగుతుంటాయి, వీడియో ఆడుతుంది, పాట వస్తుంది. కాని కొనేవారు చూసేది చేతిలోని ఫోనులో. చిక్కంతా అక్కడే వచ్చింది.

పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. ఎక్కడివారైనా మన నేతను ముందు ఫోనులో చూసే కాలమిది. కనుక వెబ్‌సైట్ల పోకడ ఎలా మారిందో తెలుసుకోవడం నేతవారికే కాదు, పచ్చళ్ళు, విత్తనాలు, కోళ్ళు అమ్మేవారికీ అవసరమే.

ఆర్భాటం పోయింది

మొదటి వెబ్‌సైట్ 1991లో ఐరోపాలోని సెర్న్ పరిశోధనాలయంలో వెలువడింది. అందులో ఉన్నవి ఉత్త అక్షరాలే. తరువాత కదిలే బొమ్మల హంగులు వచ్చాయి. వాటికి ఆధారమైన ఫ్లాష్ అనే సాధనాన్ని తయారీదారులే 2020 చివరితో ఆపివేశారు. ఒకే పేజీ పెద్ద తెరకు, చిన్న తెరకు దానంతటదే సర్దుకోవాలన్న పద్ధతిని ఈథన్ మార్కాట్ అనే అమెరికా నిపుణుడు 2010లో ప్రతిపాదించారు. ఫోనులో వెతికేవారికి ఫోనుకు ఒదిగే పేజీలనే ముందు చూపించే పద్ధతిని గూగుల్ సంస్థ 2015 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. నాటి నుండి "ముందు ఫోను, తరువాతే కంప్యూటరు" అన్నది ఈ పనిలో సూత్రమైంది.

ఇప్పటి పోకడ ఇదీ

పేజీలోని ముఖ్యభాగం రెండున్నర సెకన్లలోగా కనిపిస్తే బాగున్నట్లు గూగుల్ లెక్క. ఫోను కెమెరాతో తీసిన ఒక్క ఫొటోయే నాలుగైదు ఎంబీలు ఉండవచ్చు. అలాంటివి పది పెడితే పల్లెలో పేజీ కదలదు. ఫొటోను కుదించి పెడితే చీర అందం తగ్గదు, బరువు తగ్గుతుంది.

అక్షరం పెద్దదిగా, చుట్టూ ఖాళీ జాగాతో ఉండాలి. లేతరంగు మీద లేత అక్షరాలు చూపు తగ్గినవారికి కనపడవు. ఎక్కడివో కొనుక్కొచ్చిన నవ్వు ముఖాల బొమ్మల కంటె, సొంత మగ్గం, సొంత సరుకు ఫొటోలే నమ్మకం కలిగిస్తాయి. ధర, చిరునామా, ఫోను నెంబరు, వాట్సాప్ మీట వెతుక్కోకుండానే కనబడాలి.

తెలుగు విషయంలో మరో జాగ్రత్త. చాలామంది తెలుగు మాటలను బొమ్మగా చేసి అతికిస్తున్నారు. అలా పెట్టిన మాటలు వెతికేవారికి దొరకడం కష్టం. చూపులేని వారికి ఫోను చదివి వినిపించడమూ కష్టమే. తెలుగును అక్షరాలుగానే టైపు చేయించాలి.

దొంగ గడియారాలు వద్దు

"ఇంకా అయిదు నిమిషాలే", "ఒక్కటే మిగిలింది" అంటూ అబద్ధపు తొందర పెట్టడం కొన్ని వెబ్‌సైట్లలో ఫ్యాషనైంది. చివరి నిమిషంలో అదనపు ఖర్చులు కలపడం, అడగని వస్తువును బుట్టలో వేయడం కూడ ఉన్నాయి. ఇలాంటి 13 రకాల మోసపు ఎత్తులను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. ఆన్‌లైనులో అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, ఫిర్యాదులు వినే అధికారి వివరాలు చూపాలని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కొనేవారు కూడ ఇవి చూసుకోవాలి. చిరునామా లేని అంగడిలో డబ్బు కట్టరాదు. వినియోగదారుల ఫిర్యాదులకు 1915, డబ్బు మోసపోతే వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవచ్చు.

తాళంచెవి ఎవరి దగ్గర?

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటుంది. వెబ్‌సైట్ పేరును గడువు ప్రకారం రుసుము కట్టి నిలుపుకోవాలి. కట్టకపోతే ఆ పేరు మరొకరు తీసుకోవచ్చు. మన నేత కార్మికుని విషయంలో ఆ పేరు చేసిపెట్టిన కుర్రవాని పేరు మీదనే నమోదై ఉంది. రహస్య సంకేతపదమూ అతని దగ్గరే ఉంది. ఇల్లు మనది, తాళంచెవి మేస్త్రీది అన్నట్లయింది! పని అప్పగించే ముందే పేరు తన మీద నమోదు చేయించుకుని, సంకేతపదాలు తీసుకుని, ఏటా ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోవడం మంచిది.

నాలుగుసార్లు పట్నం తిరిగాక ఆయనకు సంకేతపదం దక్కింది. వీడియో, పాట తీయించారు. కాలేజీలో చదువుతున్న కూతురు ఫొటోలు కుదించి, ఒక్కొక్క చీర కింద ధర, అది ఎన్ని రోజుల నేతో తెలుగులో రాసింది. ఈ విలేఖరి తన పాత ఫోనులో అక్కడే తెరచి చూడగా పేజీ వెంటనే వచ్చింది. పోయిన బేరం తిరిగి రాకపోవచ్చు. వచ్చే బేరమైనా గుమ్మంలో ఆగదు. చేనేత సంఘాలు, అధికారులు ఊరూరా ఒక పూట ఈ సంగతులు నేర్పిస్తే ఇలా నష్టపోయేవారు తగ్గుతారు.