నాలుగు స్టేషన్ల ఆట

లక్డీకాపూల్‌లో మియాపూర్ మెట్రో ఎక్కి, సీటు దొరకగానే సంచిలోంచి దాన్ని బయటికి తీశాను. ఖైరతాబాద్, ఇర్రం మంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట. నాలుగే స్టేషన్లు, పది నిమిషాలు కూడా పట్టదు. పక్కన నిలబడ్డ కుర్రాడు వంగి చూశాడు.

"అన్నా, గిది ఫోనా, ట్యాబా?"

రెండూ కాదు. డాలస్‌లో ఉండే మా అక్క సంక్రాంతికి వస్తూ తెచ్చిన స్టీమ్ డెక్. 2023 నవంబరులో వచ్చిన ఓలెడ్ రకం. తెర 7.4 అంగుళాలు, బరువు 640 గ్రాములు. బొటనవేళ్ల కింద రెండు స్టిక్కులు, చుట్టూ బటన్లు. టీవీకి తగిలించే కన్సోల్ మీద ఇరవై ఏళ్లు ఆడినవాణ్ణి నేను. మొదట్లో దీన్ని కాస్త చిన్నచూపే చూశాను.

గోడ ప్లగ్గుకు తగిలించుకున్న యంత్రానికి తిండి లెక్క ఉండదు. ప్లేస్టేషన్ 5 పెద్ద ఆట నడిపేటప్పుడు 200 వాట్ల దాకా లాగేస్తుంది. నా చేతిలోని దాని ప్రధాన చిప్పుకు మాత్రం ఎంత ఆకలేసినా 15 వాట్లే రేషన్. చేతిలో ఆడే యంత్రం పుట్టిన నాటి నుంచీ నడుపుతున్నది ఈ రేషన్ సంసారమే.

దాని పుట్టుకా రైల్లోనే జరిగిందంటారు. జపాన్‌లో నింటెండో ఇంజినీరు గుంపెయ్ యొకోయ్ బుల్లెట్ రైల్లో వెళ్తుంటే, ఒక ఉద్యోగి పొద్దుపోక క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుతూ కనిపించాడట. అప్పటికే క్యాలిక్యులేటర్ కంపెనీల పోటీ వల్ల ఎల్‌సీడీ తెరలు, చిన్న చిప్పులు కారుచవకయ్యాయి. వాటితోనే 1980లో 'గేమ్ అండ్ వాచ్' తయారైంది. క్యాలిక్యులేటర్‌లో అంకెల గీతలు తేలి చెరిగినట్టే ఇందులో ముందే అచ్చుపోసిన బొమ్మలు ఒక్కోటీ కనిపించి మాయమయ్యేవి. కదులుతున్నట్టు తోచేది కంటి భ్రమ. గడియారపు గుండీ బ్యాటరీలే దానికి చాలేవి.

పాతబడి చవకైన సరుకును కొత్త పనికి వాడుకోవడం యొకోయ్ పద్ధతి. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ దాని గెలుపు. ఆకుపచ్చటి తెర, నాలుగే ఛాయలు, వెనక దీపం లేదు. బయటి వెలుగు పడితేనే బొమ్మ కనిపించేది. పోటీకి వచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్‌లకు రంగుల తెరలు, వెనక దీపాలు. కానీ అవి ఆరు పెన్సిల్ సెల్లులు మింగి నాలుగైదు గంటల్లో చతికిలబడేవి. గేమ్‌బాయ్ నాలుగు సెల్లులతో దాదాపు 15 గంటలు ఆడించేది. సెల్లుల ఖర్చు తల్లిదండ్రులది కదా, ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా? దాని తమ్ముడు గేమ్‌బాయ్ కలర్‌తో కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

మా ఇంటికి గేమ్‌బాయ్ రాలేదు. నాంపల్లి నుమాయిష్‌లో నాన్న బేరమాడి కొన్న 'బ్రిక్ గేమ్' వచ్చింది. పెట్టె మీద 9999 ఆటలని ఉండేది. నిజానికి పదో పరకో ఆటలే వేగం మార్చుకుని తిరిగొచ్చేవి. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో అల్లిన టెట్రిస్‌ను మా తరం పిల్లలు చాలామంది నేర్చుకున్నది ఆ చైనా పెట్టెలోనే. సెల్లులు నీరసించినప్పుడు వాటిని డాబా మీద ఎండలో పెట్టి, ఇంకో అరగంట పిండుకునేవాళ్లం.

తర్వాత 2004లో సోనీ పీఎస్‌పీ వచ్చింది. రంగుల తెర, లోపల తిరిగే చిన్న డిస్కు. మన హైదరాబాద్ స్టూడియో గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' పేరుతో కబడ్డీ, గాలిపటాల పోటీ వంటి మన ఆటలను టీవీకి పెట్టే ప్లేస్టేషన్ 2తో పాటు దీనికీ చేసింది. ఈ యంత్రంలోనూ రేషన్ తప్పలేదు. 333 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తగల ప్రాసెసర్‌ను సోనీ 2007 వరకూ ఆటల్లో 222 దగ్గరే కట్టేసి ఉంచింది.

ఇప్పటి యంత్రం ఆ కళ్లేన్ని ఆడేవాడి చేతికే ఇచ్చింది. స్టీమ్ డెక్‌లో ఒక బటన్ నొక్కితే పక్కన పట్టీ తెరుచుకుంటుంది. సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలో, చిప్పు ఎన్ని వాట్లు తినాలో అక్కడే చెప్పొచ్చు. అరవై బొమ్మల్ని నలభైకి దించితే కంటికి తెలిసే తేడా కొద్దిగానే, మిగిలే కరెంటు మాత్రం చాలా. చిప్పు వేగం తగ్గితే వోల్టేజీ కూడా తగ్గించొచ్చు, ఖర్చేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. అందుకే వేగంలో కొంచెం వదులుకున్నా జమలో బాగా మిగులుతుంది.

తెర చిన్నది కావడమూ కలిసొచ్చింది. 4కే టీవీకి సుమారు 83 లక్షల చుక్కలు గీయాలి. ఇక్కడ 1280×800, అంటే పది లక్షల పైచిలుకు చాలు. ఓలెడ్‌లో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది కాబట్టి, ఆటలో చీకటి గుహలోకి దూరితే కరెంటు కూడా మిగులుతుంది.

బండి పంజాగుట్ట దాటింది. ఇంతసేపూ నా వేళ్లనే చూస్తున్న కుర్రాడు రెండో ప్రశ్న వేశాడు.

"ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతదన్నా?"

బ్యాటరీ 50 వాట్-అవర్లు. యంత్రం మొత్తం 20 వాట్లు లాగితే రెండున్నర గంటలు, 10 లాగితే ఐదు. ఆ లెక్కే చెప్పాను. కుర్రాడు కాసేపు ఆలోచించి, "మరి 10లోనే ఆడు అన్నా" అన్నాడు. యొకోయ్ వింటే భుజం తట్టేవాడు.

అమీర్‌పేట వచ్చింది. పోరు మధ్యలో ఉన్నాను, కత్తి ఇంకా గాల్లోనే ఉంది. పైనున్న చిన్న బటన్ నొక్కాను. తెర ఆరిపోయింది. ప్రాసెసర్ నిద్రపోయినా, ఆట ఆగిన చోటును గుర్తుంచుకునే మెమరీకి మాత్రం చిటికెడు కరెంటు అందుతూనే ఉంటుంది. సాయంత్రం తిరుగు బండిలో ఆ కత్తిని దించాలి. అదీ 10 వాట్లలోనే.