పాత నోటుపుస్తకం, గుప్పెడు మెంతులు

పిల్లలూ! మీ ఇంట్లో పాత వెదురు చేట ఉందా? ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. వెదురు అల్లికల సందులన్నీ మూసుకుపోయి, పైన బూడిదరంగు పూత ఒకటి కనిపిస్తుంది. గోరుతో గీకితే సులభంగా రాదు. అది సిమెంటు కాదు, మట్టీ కాదు. నానబెట్టిన కాగితాలూ మెంతులూ కలిపి రుబ్బి పూసిన పూత. మా కోసిగిలోనే కాదు, రాయలసీమలో చాలా ఊళ్ళలో అవ్వలు కొత్త చేట కొనగానే చేసే మొదటి పని ఇదే. పిండి జారిపోకుండా సందులు మూసుకుంటాయి, చేట నాలుగేళ్ళు ఎక్కువ వస్తుంది.

ఆ గుజ్జుతోనే గిన్నెలు, బుట్టలు, పెన్నులు పెట్టుకునే డబ్బాలు చేయవచ్చు. కానుకగా ఇవ్వవచ్చు, ఇంట్లో అలంకరణకు పెట్టుకోవచ్చు. ఒక పాత నోటుపుస్తకం, ఏభై గ్రాముల మెంతులు ఉంటే చాలు. ఖర్చు పది రూపాయలు దాటదు. అయితే ఖర్చు తక్కువ గదా అని ఎలా పడితే అలా చేస్తే కుదరదు. ఇచ్చిన వారంలోనే పగిలిపోయే వస్తువు ఎంత చవకైనా దండుగే.

ఈ మాట నాకు బాగా తెలిసింది మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వల్ల. మా ప్రాంతంలో వానలు సరిగా లేని ఏడు చాలా కుటుంబాలు సుగ్గికి పోతాయి. అంటే పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్ళి, కొన్ని నెలలు అక్కడే ఉండి వస్తాయి. పిల్లలూ వెంట పోతారు. తరగతిలో బెంచీలు ఖాళీ అవుతాయి. ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ళు దీపావళి కాగానే బయలుదేరాలని అనుకున్నారు. తన పక్కన కూర్చునే స్నేహితురాలికి ఏదైనా ఇచ్చి పోవాలని ఈ పిల్ల కోరిక. ఇంట్లో డబ్బు అడిగే వీలు లేదు. దసరా మర్నాడు గుజ్జు రుబ్బడం మొదలుపెట్టింది. చేతిలో ఉన్నవి ఇరవై రోజులు.

మొదటి గిన్నె పగిలిపోయింది. స్టీలు గిన్నె బోర్లించి, దాని మీద గుజ్జు మందంగా పరిచి, మిద్దె మీద ఎర్రటి ఎండలో పెట్టిందట. సాయంత్రానికి మూడు పెద్ద పగుళ్ళు. బడికి తెచ్చి చూపించి, “సార్, మెంతులు తక్కువయ్యాయా?” అని అడిగింది. నేను చూసి అవునన్నాను. అది తప్పు అని తర్వాత తెలిసింది.

అసలు గుజ్జు ఎందుకు గట్టిపడుతుందో ముందు చూద్దాం. కాగితమంటే సన్నని పీచుల చాప. ఆ పీచు సెల్యులోజ్ అనే పదార్థం. వేల గ్లూకోజ్ అణువులు గొలుసుగా కలిస్తే ఒక సెల్యులోజ్ అణువు అవుతుంది. కాగితాన్ని నానబెట్టి రుబ్బినప్పుడు పీచులు విడిపోయి నీళ్ళలో తేలుతాయి. నీరు ఆవిరైపోతున్నకొద్దీ, మిగిలిన నీటి పొర తన తలతన్యతతో పీచులను ఒకదాని దగ్గరకు మరొకదాన్ని లాగుతుంది. బాగా దగ్గరైన పీచుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. ఒక్కొక్క బంధం చాలా బలహీనమైనది. కాని లెక్కలేనన్ని ఉంటాయి. అందుకే జిగురు ఏమీ లేకపోయినా కాగితం కాగితంగా నిలుస్తుంది. తడిస్తే నీటి అణువులు ఆ బంధాల మధ్య దూరతాయి, పట్టు సడలిపోతుంది. నమ్మకం కలగకపోతే ఒక పొడి కాగితాన్నీ ఒక తడి కాగితాన్నీ చించి చూడండి.

మరి మెంతులెందుకు? నానిన మెంతిగింజను వేళ్ళ మధ్య నలిపితే జారుడుగా బంక వస్తుంది గదా. అది గెలాక్టోమానన్ అనే పదార్థం. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గువార్ గమ్ కూడా ఈ జాతిదే. దాన్ని కాగితపు మిల్లుల్లోనూ వాడతారు. ఈ బంక పీచుల సందులలో నిండి, ఆరినప్పుడు వాటిని పట్టి ఉంచుతుంది. పీచు లాగుడుకు తట్టుకుంటుంది, బంక పీచును కదలనివ్వదు. కొండపల్లి బొమ్మల వాళ్ళు అతుకులకు వాడే మక్కు కూడా ఇదే సూత్రం: రంపపు పొట్టు, చింతగింజల జిగురు. మనం గోడ కట్టే మట్టిలో గడ్డి కలిపి తొక్కడమూ ఇందుకే.

ఇక పగుళ్ళ సంగతి. ఎండాకాలంలో మన నల్లరేగడి పొలం చూశారా? చెయ్యి పట్టేంత పగుళ్ళు. ఆ మట్టిలోని బంకమన్ను నీరు తాగి ఉబ్బుతుంది, నీరు పోతే ముడుచుకుంటుంది. కాగితపు గుజ్జూ అంతే, ఆరుతున్నకొద్దీ కుంచించుకుపోతుంది. గిన్నె వెలుపల పూసినప్పుడు అది లోపలికి ముడుచుకుందామంటే స్టీలు అడ్డం వస్తుంది. పోవడానికి దారి లేక చీలిపోతుంది. పైగా ఎండకు పైపొర ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపలిపొర ఇంకా తడిగానే ఉంటుంది. మెంతులు ఎన్ని పోసినా ఈ చిక్కు తీరదు.

ఈసారి గిన్నె లోపల పూయమని చెప్పాను. ఆ అమ్మాయి పూసింది, నీడన పెట్టింది. నాలుగో రోజుకు అడుగున పచ్చగా, నల్లగా బూజు! స్టీలులోంచి గాలి ఆడదు. పైనుంచి మాత్రమే ఆరాలి. అడుగున గుజ్జు అంగుళం మందం ఉంది. చెమ్మ ఉంది, తినడానికి మెంతిపిండి ఉంది, బూజుకు ఇంకేం కావాలి? దీపావళి ఇంక పదిరోజులే ఉంది. సైన్సు అయ్యవారి సలహాలు రెండూ అయిపోయాయి.

మూడోసారి దారి చూపింది వాళ్ళ అవ్వ. “గిన్నెలో ఎందుకు అయ్యోరా, గంపలో పూస్తే రెండు పక్కలా గాలి ఆడదా?” అని నన్నే అడిగింది. ఎంత సూటి మాట! చిన్న వెదురు గంపలో పలుచని పాత పంచెగుడ్డ తడిపి పరిచి, దాని మీద గుజ్జు పూస్తే వెదురు సందులలోంచి కూడా గాలి తగులుతుంది. గుజ్జు ముడుచుకున్నప్పుడు అడ్డం ఏదీ ఉండదు. గుడ్డతో సహా గంపను వదిలి తనంతట తానే లోపలికి వస్తుంది. పైగా అల్లిక అచ్చు వెలుపల అందంగా పడుతుంది. ఆ గిన్నె అయిదు రోజులకు ఆరింది, పగలలేదు.

మీరూ చేయాలంటే ఇలా చేయండి. పావుకిలో పాత నోటుపుస్తకం కాగితాలు చిన్న ముక్కలుగా చించి, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టండి. సిరా పోవడానికి నీళ్ళు రెండుసార్లు మార్చండి. మెరిసే రంగుల పత్రికల కాగితం వద్దు. దాని మీద మెత్తని తెల్లమట్టి పూత ఉంటుంది, ఆ మేరకు పీచు తక్కువ. ఏభై గ్రాముల మెంతులు రాత్రంతా నానబెట్టండి. రెండూ కలిపి రుబ్బురోట్లో మెత్తగా రుబ్బాలి. మిక్సీ వాడితే పెద్దవాళ్ళ చేత వేయించండి, కొంచెం కొంచెంగా వేయకపోతే మోటారు వేడెక్కుతుంది. గుజ్జు చపాతీ పిండి అంత గట్టిగా ఉండాలి. పిడికిట్లో పిసికితే నీరు కారకూడదు. గంపలో అరసెంటీమీటరు మందాన అంతటా సమంగా వేళ్ళతో అదమండి. అడుగు మందం కాకుండా చూసుకోండి, అందరూ తప్పేది అక్కడే. మొదటి రెండు రోజులు గాలి ఆడే నీడలో, ఆ తర్వాత ఎండలో పెట్టండి. గంప నుంచి ఊడి వచ్చాక గుడ్డ ఒలిచి, బోర్లించి ఇంకో రోజు ఎండబెట్టండి. తడి చేత్తో ముందే నునుపు చేసి ఉంటే తర్వాత గరుకు కాగితంతో పని ఉండదు.

బూజు రాకుండా మైలతుత్తం కలపవచ్చునని ఎవరైనా చెబుతారు. పుస్తకాలు కుట్టేవాళ్ళు జిగురులో కలిపే మాట నిజమే. కాశ్మీరులో కాగితపు గుజ్జుతో చేసే ప్రసిద్ధమైన పెట్టెల పనిలోనూ బియ్యపు గంజితోపాటు దాన్ని వాడతారు. కాని అది విషం. మీరు ముట్టవద్దు. బాగా ఆరిన గిన్నెకు దాని అవసరమూ లేదు.

మన ఆదోని పత్తి మార్కెట్టు పేరు మీకు తెలుసు. పత్తి పీచు ఇరవై అయిదు, ముప్ఫై మిల్లీమీటర్ల పొడవుంటుంది. కాగితంలోని కట్టె పీచు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లే. పొడుగు పీచు కలిస్తే గిన్నె గట్టిపడాలి గదా? మన కరెన్సీ నోట్ల కాగితం పూర్తిగా పత్తితో చేసినదే. జేబులో మరిచిపోయిన నోటు బట్టలతోపాటు ఉతుకుడు తిన్నా బతికి బయటపడేది అందుకే. ఇది పరీక్షించి చూడండి. పొలంలోంచి తెచ్చిన పత్తికి సహజంగా మైనం పూత ఉంటుంది, నీటిలో వేస్తే తేలుతుంది, గుజ్జులో కలవదు. కాబట్టి మందుల దుకాణంలో అమ్మే దూది వాడండి. అందులోని మైనం ముందే తీసేసి ఉంటారు. దాన్ని కత్తెరతో అరసెంటీమీటరు ముక్కలు చేసి కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. ఉత్త కాగితపు గుజ్జుతో ఒకటి, మెంతులు కలిపి ఒకటి, మెంతులూ దూదీ కలిపి ఒకటి, మూడు పట్టీలు చేయండి. పదిహేను సెంటీమీటర్ల పొడవు, మూడు వెడల్పు, మందం మూడింటికీ ఒకటే. బాగా ఆరాక రెండు ఇటుకల మీద వంతెనలా పెట్టి, నడుమ దారంతో చిన్న డబ్బా వేలాడదీసి, విరిగేదాకా ఇసుక పోయండి. ఆ ఇసుక తూచి రాసుకోండి. మీ ఊహ ఏమిటో ముందే రాసిపెట్టుకోవడం మరిచిపోవద్దు. తర్వాత రాస్తే ఎవరి ఊహ అయినా నిజమే అవుతుంది!

గిన్నె ఆరేదాకా చేతులు ఊరుకోవు గదా. ఎండిన జొన్న సొప్ప తెచ్చి పైబెరడు ఒలవండి. లోపలి బెండు ఎంత తేలికో చూడండి. దానిలోని కణాలు చచ్చి, వాటి నిండా గాలి ఉంటుంది. బరువు మోసే పీచు కట్టలు ఎక్కువగా బెరడు వైపున ఉంటాయి. బెండును అంగుళం ముక్కలుగా కోసి, రంగు కాగితపు బిళ్ళలతో కలిపి దారానికి గుచ్చితే గుమ్మానికి తోరణం అవుతుంది. బెరడు పేళ్ళూ బెండు ముక్కలూ గుచ్చి తమ్ముడికి బండి చేయవచ్చు. మా చిన్నప్పుడు మాకు అవే బండ్లు, అవే కళ్ళజోళ్ళు. బెరడు అంచు బ్లేడులా కోస్తుంది జాగ్రత్త. గడ్డిజాతి మొక్కల్లో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది.

గిన్నెకు రంగు వేయడానికి డబ్బాల రంగులు కొనకండి. పసుపు బాగుంటుంది గాని ఎండకు వెలిసిపోతుంది. గోడలకూ గడపలకూ పూసే జాజు మంచిది. అది ఇనుము ఆక్సైడు, అంటే ముందే తుప్పు పట్టిన ఇనుము. ఎండ దాన్ని ఇంకేం చేయలేదు. రెండు చెంచాల మైదాను గ్లాసు నీళ్ళలో కలిపి, చిక్కబడేదాకా ఉడికించి చల్లార్చిన జిగురులో జాజు కలిపి పూయండి. ఉడికించని మైదా అంటుకోదు. వేడికి పిండి రేణువులు ఉబ్బి పగిలితేనే బంక వస్తుంది. తెలుపు గీతలకు తడి సుద్దముక్క చాలు. సున్నం వద్దు, కంట్లో పడితే ప్రమాదం.

ఎమ్మిగనూరు పిల్లలకు ఇంకో వసతి ఉంది. 1938లో మాచాని సోమప్ప గారి చొరవతో చేనేత సహకార సంఘం ఏర్పడిన ఊరు అది. తెలిసిన మగ్గం ఇల్లు ఏదైనా ఉంటే, బట్ట కోసిన తర్వాత మగ్గం మీద మిగిలిపోయే నూలు కొనలు అడిగి తెచ్చుకోండి. గిన్నె అంచుకు మైదా జిగురు రాసి, ఆ దారం వరుసలుగా చుట్టండి. అందానికే కాదు, దెబ్బ మొదట తగిలేది అంచుకే, దానికి కాపు.

ఈ గిన్నెలో నీళ్ళు పోయకూడదు, తినే వస్తువులూ పెట్టకూడదు. ముద్రణ సిరా వల్ల, వార్తాపత్రికల్లో ఆహారం చుట్టవద్దని 2016 డిసెంబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. పెన్నులు, రిబ్బన్లు, గుండీలు, సుద్దముక్కలు పెట్టుకోండి. మెంతుల చేదుకు పురుగు పట్టదని పెద్దలంటారు. చెమ్మ తగిలితే మాత్రం ఆ మాట మీద ఆధారపడకండి. వానాకాలంలో నెలకోసారి ఎండ చూపించండి.

ఆ అమ్మాయి దీపావళికి రెండు రోజుల ముందు గిన్నె ఇచ్చింది. జాజు పూసి, నీలం దారం చుట్టింది. ఇచ్చే ముందు బోర్లించి అడుగున ఏదో రాస్తుంటే చూశాను. పేరు కాదు, “నీళ్ళు పోయొద్దు” అని.